పాఠకుల ప్రశ్నలు: లింగాకర్షక బుట్ట పురుగును చంపడానికా, లెక్కపెట్టడానికా?

పురుగులు, చీమలు, తేనెటీగలు, మొక్కలు రసాయనాల ద్వారా కబురు ఎలా పంపుకుంటాయో అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం. పత్తి రైతు పంపిన మొదటి ప్రశ్నకు ఎక్కువ స్థలం కేటాయించాం. ఆ సమాధానం మీద ఒక కుటుంబపు ఏడాది ఆదాయం ఆధారపడి ఉంటుంది. పైగా మిగిలిన ప్రశ్నలను అర్థం చేసుకోవడానికి కావలసిన పునాది కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: నేను నాలుగు ఎకరాల్లో పత్తి వేశాను. గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టాను. రోజూ బుట్టల్లో రెక్కల పురుగులు పడుతూనే ఉన్నాయి. అయినా కాయలు పగలగొట్టి చూస్తే లోపల పురుగు కనిపిస్తోంది. బుట్టలు ఇంకా ఎక్కువ పెడితే ఫలితం ఉంటుందా? అసలు ఆ ఎరలో ఏముంటుంది?
– ఒక పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా

సమాధానం: ముందుగా ఎర సంగతి చూద్దాం. బుట్టలో వేలాడే ఆ చిన్న రబ్బరు ముక్కలో ఉన్నది విషం కాదు, ఆహారమూ కాదు. ఆడ రెక్కల పురుగు జతకట్టడానికి సిద్ధమైనప్పుడు తన పొట్ట చివర ఉన్న గ్రంథి నుంచి గాలిలోకి వదిలే రసాయనాన్నే కర్మాగారంలో తయారు చేసి ఆ రబ్బరులోకి ఇంకిస్తారు. ఒక జీవి విడుదల చేయగా, అదే జాతికి చెందిన మరొక జీవి ప్రవర్తనను మార్చే ఇలాంటి పదార్థాలను ఫెరోమోన్లు అంటారు.

మొట్టమొదట రసాయన నిర్మాణం తేలిన ఫెరోమోన్ పట్టుపురుగుది. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ దాదాపు 20 ఏళ్లు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరు చేసి, 1959లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. పట్టుపురుగుల గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో పనిచేసేవారికి ఇది తెలిసిన దృశ్యమే: గూడు నుంచి బయటపడిన ఆడ పురుగు కదలకుండా కూర్చుని పొట్ట చివరి పసుపు రంగు గ్రంథిని బయటికి చాస్తుంది; ఎగరడం చేతకాని మగ పురుగు రెక్కలు టపటపలాడిస్తూ, నడుచుకుంటూ, నేరుగా ఆమె వైపు వస్తుంది. మగ పురుగు తల మీద దువ్వెనల్లా ఉండే రెండు మీసాలలో ఒక్కొక్కదానిపై ఈ రసాయనాన్ని పసిగట్టే సన్నని రోమాలు దాదాపు 17,000 ఉంటాయి. ఒక నాడీకణం స్పందించడానికి ఒక్క బాంబికాల్ అణువు చాలునని తరువాతి పరిశోధనలు చూపించాయి.

గులాబీ రంగు పురుగు ఎరలోని పదార్థం పేరు గాసిప్లూర్. దీని నిర్మాణం 1973లో తేలింది. ఒకే అణువుకు చెందిన రెండు రూపాలు ఇందులో దాదాపు సమాన పాళ్లలో ఉంటాయి. పాళ్లు మారితే మగ పురుగు రావడం తగ్గిపోతుంది. ఈ పాళ్ల విషయం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన పొలాల నుంచే ఇంకొక ఉదాహరణ ఉంది. శనగపచ్చ పురుగు, వరిలో మొవ్వును చంపే పసుపు రంగు కాండం తొలుచు పురుగు, ఈ రెండింటి ఫెరోమోన్లలోనూ ప్రధానంగా ఉండేది ఒకే జత ఆల్డిహైడ్ రసాయనాలు. మొదటిదానిలో వాటి నిష్పత్తి సుమారు 97:3 అయితే, రెండవదానిలో 3:1. ఆ తేడా వల్లనే ఒక జాతి మగ పురుగు రెండో జాతి ఆడ పురుగును వెతుక్కుంటూ వెళ్లదు. అందువల్ల ఒక బుట్టలో రెండు రకాల ఎరలు వేలాడదీయకూడదు. ఒక రకం ఎరను పట్టుకున్న చేత్తో, చేతులు కడుక్కోకుండా, మరొక రకం ఎరను ముట్టుకోకూడదు. ఎర మీద తయారీదారు ముద్రించిన గడువు దాటగానే, సాధారణంగా మూడు నాలుగు వారాలకు, కొత్తది పెట్టాలి. పాత ఎరను పొలంలో పారేస్తే అది కొంతకాలం మగ పురుగులను పిలుస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని దూరంగా పాతిపెట్టాలి.

ఇక మీ అసలు ప్రశ్న. బుట్టలో పడేవన్నీ మగ పురుగులే. కాయ మీద, పూత మీద గుడ్లు పెట్టే ఆడ పురుగు బుట్ట జోలికి రాదు. ఒక మగ పురుగు ఒకటికి మించి ఆడ పురుగులతో జతకట్టగలదు గనుక, సగం మగ పురుగులు బుట్టల్లో చిక్కినా మిగిలిన సగం ఆ లోటును చాలా వరకు పూడ్చేస్తాయి. పురుగు ఉధృతి పెరిగిన తరువాత పొలంలో నిజమైన ఆడ పురుగులు వందల సంఖ్యలో ఉంటాయి. వాటితో పోటీపడి మగ పురుగులను తన వైపు తిప్పుకోవడం మీ ఎరకు సాధ్యం కాదు. వీటన్నిటికీ తోడు, పక్క పొలంలో అప్పటికే జతకట్టిన ఆడ పురుగులు ఎగిరి వచ్చి మీ చేలో గుడ్లు పెట్టగలవు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు త్వరలోనే కాయలోకి దూరిపోతుంది, ఆ తరువాత పిచికారీ చేసిన మందు దానికి తగలదు. కాబట్టి ఇప్పుడు బుట్టల సంఖ్య పెంచినంత మాత్రాన కాయలోని పురుగు తగ్గదు. ఈ మాట మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. బుట్ట విలువ వేరే చోట ఉందని చెప్పడానికే ఇంత వివరించాం.

ఆ విలువ లెక్కలో ఉంది. విత్తిన 45 రోజుల నుంచి హెక్టారుకు 5 బుట్టలు, మొక్క ఎత్తుకు ఒక అడుగు పైన ఉండేలా అమర్చి, ప్రతి ఉదయం ఒక్కో బుట్టలో పడిన పురుగులను లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, బుట్టను ఖాళీ చేయాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందు వేయవలసిన స్థాయికి పురుగు చేరిందని అర్థం. దానితోపాటు చేను నలుమూలల నుంచి 20 పచ్చికాయలు కోసి పగలగొట్టి చూడండి. వాటిలో రెండు కాయల్లో పురుగు గానీ దాని నష్టం గానీ ఉంటే అదీ అదే హెచ్చరిక. గుడ్డిపూలు (పురుగు సోకి విచ్చుకోని పూలు) కనిపిస్తే ఏరి నాశనం చేయండి. ఈ లెక్క చేతిలో ఉన్న రైతు అవసరం లేని రోజున మందు కొట్టడు, అవసరమైన రోజును జారవిడవడు. బుట్టలు కొనడానికి చూపే శ్రద్ధలో సగం వాటిని లెక్కపెట్టడంలో చూపితే మన జిల్లాల్లో పురుగుమందు ఖర్చు ఎంతో తగ్గుతుందని మా నమ్మకం.

ఫెరోమోన్‌తో పురుగును నేరుగా అదుపు చేసే మార్గం కూడా లేకపోలేదు. పొలమంతా గాసిప్లూర్ వాసన ఆవరించేలా చేస్తే మగ పురుగుకు ఆడ పురుగు ఏ దిక్కున ఉందో తెలియదు, జతకట్టడం తగ్గిపోతుంది. ఈ పద్ధతికి అమెరికాలో 1978లోనే అనుమతి లభించింది. మన దేశంలో కూడా దీనికోసం మొక్కలకు కట్టే ఫెరోమోన్ తాళ్లు, పూసే ముద్దలు వచ్చాయి. అయితే ఒక్క రైతు తన నాలుగు ఎకరాల్లో చేస్తే చుట్టుపక్కల నుంచి జతకట్టిన ఆడ పురుగులు వస్తూనే ఉంటాయి. ఊరి రైతులు కలిసి, ఆనుకుని ఉన్న పొలాలన్నిటిలో, సీజన్ మొదట్లోనే మొదలుపెట్టాలి. అమెరికాలో పత్తి పండించే ప్రాంతాల నుంచి ఈ పురుగును నిర్మూలించినట్లు 2018లో అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. కానీ అది ఫెరోమోన్ ఒక్కదానితో సాధించింది కాదు. బీటీ పత్తి, వంధ్యం చేసిన పురుగులను కోట్ల సంఖ్యలో వదలడం, పంట అయిపోగానే కట్టెను తొలగించడం, అన్నీ కలిపి అమలు చేశారు. మన దగ్గర ఈ పురుగు బీటీ పత్తిలోని రెండు విషాలనూ తట్టుకునే శక్తి సంపాదించుకుంది కాబట్టి, రెండో కాపు కోసం చేనును వేసవి దాకా ఉంచకుండా సకాలంలో పత్తికట్టె తీసివేయడం మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం.

ప్రశ్న: వంటింట్లో చక్కెర డబ్బా దగ్గరికి చీమలు బారులు తీరి వస్తాయి. తుడిచేసినా మళ్లీ అదే దారిలో వస్తాయి. అవి దారిని ఎలా గుర్తుపడతాయి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

సమాధానం: బారు మొత్తం ఒకేసారి చక్కెరను కనిపెట్టదు. ముందు ఒకటి రెండు చీమలు ఆహారం కోసం తిరుగుతూ డబ్బాను చేరతాయి. తిరిగి పుట్టకు వెళ్లేటప్పుడు, పొట్ట చివరి భాగాన్ని నేలకు తాకిస్తూ రసాయనపు ఆనవాళ్లు వదులుతాయి. వాటిని పట్టుకుని మరికొన్ని చీమలు వచ్చి, ఆహారం దొరికితే అవీ తిరుగుదారిలో అదే పని చేస్తాయి. ఖాళీ కడుపుతో తిరిగి వెళ్లే చీమ ఆ ఆనవాలును బలపరచదు. అందుకే ఆహారం ఉన్నంత కాలం బారు చిక్కబడుతుంది, అయిపోగానే దానంతట అదే పలచబడుతుంది.

అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ నిప్పు చీమలపై చేసిన పరిశోధనలో, ఒక్క చీమ గాజు మీద వదిలిన ఆనవాలు రెండు నిమిషాల లోపే ఆవిరై పనికిరాకుండా పోతుందని తేలింది. ఇది లోపంలా కనిపించినా చీమలకు మేలు చేసే లక్షణం. ఆనవాలు చెరగకుండా ఉంటే ఆహారం అయిపోయిన చోటికి అవి రోజుల తరబడి తిరగవలసి వచ్చేది. పొడవైన దారి, పొట్టి దారి రెండూ ఉన్నప్పుడు చీమల బారు చివరికి పొట్టి దారినే ఎంచుకోవడానికి కూడా ఈ ఆనవాళ్లే కారణం. పొట్టి దారిలో వెళ్లిన చీమలు త్వరగా తిరిగి వస్తాయి కాబట్టి ఆ దారిలో ఆనవాలు ముందుగా బలపడుతుంది. ఏ చీమకూ మొత్తం దారి పటం తెలియదు, ఏ చీమా మిగతావాటికి ఆజ్ఞ ఇవ్వదు, అయినా సరైన నిర్ణయం జరుగుతుంది. రసాయన సంకేతాల్లో మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

మీరు పొడిగుడ్డతో చీమలను తుడిచేస్తే చీమలు పోతాయి గానీ ఆనవాలు కొంత మిగిలిపోతుంది. సబ్బునీళ్లతో గోడ, గట్టు రెండూ తుడిచి, చక్కెరను బిగుతు మూత ఉన్న డబ్బాలోకి మార్చండి. దారి ఒక్కటే చెరిపి ఆహారాన్ని అలాగే ఉంచితే తిరుగాడే చీమలు కొత్త దారి వేస్తాయి.

చీమల గురించి మరొక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాం. చనిపోయిన చీమను తోటి చీమలు కొద్ది రోజుల తరువాత మోసుకెళ్లి చెత్తకుప్పలో పడేస్తాయి. శవం కుళ్లేటప్పుడు ఏర్పడే ఒలీక్ ఆమ్లమే అందుకు సంకేతమని విల్సన్ 1958లో చూపించారు. ఆయన ఆ ఆమ్లాన్ని బతికి ఉన్న చీమకు పూయగా, అది కాళ్లు కొట్టుకుంటున్నా మిగతా చీమలు దాన్ని కూడా చెత్తకుప్పకు మోసుకెళ్లాయి. ఒళ్లు శుభ్రం చేసుకునేదాకా దాన్ని పుట్టలోకి రానివ్వలేదు.

ప్రశ్న: మా కళాశాల భవనానికి పెద్ద తేనెపట్టు ఉంది. ఒక తేనెటీగ కుడితే వెంటనే మిగతావన్నీ ఎందుకు మీదపడతాయి?
– ఒక విద్యార్థి, నల్గొండ

సమాధానం: కుట్టిన తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. ముల్లు మొదట్లో ఉన్న గ్రంథి నుంచి ప్రమాద సంకేతం వెలువడుతుంది. దానిలో ముఖ్యమైనది ఐసోపెంటైల్ ఎసిటేట్. బాగా పండిన అరటిపండు వాసనకు కూడా ఇదే పదార్థం కారణం. ఆ వాసన సోకిన తేనెటీగలు రెచ్చిపోయి, కదిలే వస్తువును, ముఖ్యంగా సంకేతం అంటుకుని ఉన్న మనిషిని, లక్ష్యంగా చేసుకుంటాయి. ఎత్తైన భవనాలకు, నీళ్ల ట్యాంకులకు, మర్రిచెట్లకు పట్టు పెట్టే పెద్ద తేనెటీగల సంకేతంలో ఇంతకన్నా నెమ్మదిగా ఆవిరయ్యే మరొక పదార్థం కూడా ఉంటుంది. అందువల్ల వాటి కోపం ఎక్కువసేపు నిలుస్తుంది.

ఒకటి కుట్టగానే చేతులు ఊపకుండా, తేనెటీగలను చరచకుండా, ముఖాన్ని కప్పుకుని తలుపులు వేయగల గదిలోకో వాహనంలోకో పరుగెత్తండి. అక్కడికి చేరాక ముళ్లను వీలైనంత త్వరగా గోటితో గీకి తీసేయండి. ముల్లు ఉన్నంతసేపు విషమూ ఎక్కుతుంది, వాసనా వస్తూనే ఉంటుంది. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా, ఎక్కువ ముళ్లు దిగినా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పట్టుపై రాళ్లు వేయడం, కింద మంట పెట్టడం ప్రాణాంతకం. దాన్ని తొలగించక తప్పదనుకుంటే అనుభవం ఉన్నవారినే పిలిపించమని మీ కళాశాలవారికి చెప్పండి.

ప్రశ్న: మామిడి తోటలో పండు ఈగకు మిథైల్ యూజినాల్ బుట్టలు పెడుతున్నాం. ఇది కూడా ఆడ ఈగ వాసనేనా?
– ఒక మామిడి రైతు, నూజివీడు

సమాధానం: కాదు. మిథైల్ యూజినాల్ మొక్కలలో తయారయ్యే పదార్థం; తులసిలో కూడా ఉంటుంది. బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, కొన్ని పండు ఈగల్లో మగవి మాత్రమే సిట్రొనెల్లా నూనెకు విపరీతంగా ఆకర్షితమవుతున్నాయని 1912లో రాశారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే మిథైల్ యూజినాల్ శక్తిని కూడా గుర్తించారు. మగ ఈగ దాన్ని ఆత్రంగా తిని, శరీరంలో మార్పు చేసి, ఆడ ఈగను ఆకర్షించే తన సొంత సంకేతంగా వాడుకుంటుంది. అంటే ఇక్కడ పిలిచేది మగ ఈగ, ముడిసరుకు ఇచ్చేది మొక్క. బుట్టలో మగ ఈగలే పడతాయన్నది పత్తి విషయంలోలాగానే ఇక్కడా గుర్తుంచుకోవాలి. అయితే ఈ ఎర అసాధారణంగా బలమైనది కాబట్టి, తోటలన్నిటిలో కాయ పక్వానికి రాకముందే పెడితే మగ ఈగల సంఖ్యను నిజంగానే బాగా తగ్గించవచ్చు. రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టడం దీనికి జోడించాలి. పండు ఈగలు కనిపించాయన్న కారణంతో ఐరోపా దేశాల కూటమి 2014 మే నెల నుంచి మన మామిడిని నిషేధించి, 2015 జనవరిలో గానీ ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు.

ప్రశ్న: మొక్కలు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చదివాను. ఇది ఎంతవరకు నిజం?
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

సమాధానం: మొక్కలు గాలిలోకి రసాయనాలు వదులుతాయనడం, వాటికి ఇతర జీవులు స్పందిస్తాయనడం నిజం. మొక్కజొన్న ఆకును గొంగళి పురుగు కొరికినప్పుడు ఆ మొక్క నుంచి ప్రత్యేకమైన ఆవిర్లు వెలువడతాయని, వాటి ఆధారంగా ఒక పరాన్న కందిరీగ ఆ గొంగళి పురుగును వెతుక్కుంటూ వచ్చి దానిలో గుడ్లు పెడుతుందని 1990లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. ఆకును బ్లేడుతో గాయపరిస్తే ఆ స్పందన అంతగా రాలేదు. అదే గాయానికి గొంగళి పురుగు నోటి స్రావాన్ని పూస్తే వచ్చింది. ఊరికే గాయమైతే ఒక రకంగా, పురుగు కొరికితే మరొక రకంగా మొక్క స్పందిస్తోందన్నమాట. గాయపడిన మొక్క ఆవిర్లు సోకి పక్క మొక్క తన రక్షణ రసాయనాలను ముందుగానే సిద్ధం చేసుకోవడాన్ని కూడా ప్రయోగాల్లో చూశారు. అయితే దీనిని స్నేహంగానో, హెచ్చరించే ఉద్దేశంగానో పిల్లలకు చెప్పవద్దని మా మనవి. పక్క మొక్క ఆ వాసన నుంచి సమాచారం గ్రహిస్తోంది. గాయపడిన మొక్క దానికోసమే పంపుతోందని ఎవరూ నిరూపించలేదు.

ఈ జ్ఞానాన్ని పంటలో వాడుకోవడం అనుకున్నంత తేలిక కాదని ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రం అనుభవం చెబుతుంది. పేనుబంక పురుగులు శత్రువు దాడి చేసినప్పుడు బీటా ఫార్నెసీన్ అనే రసాయనం వదులుతాయి, అది సోకిన మిగతావి చెదిరిపోతాయి. ఆ రసాయనాన్ని తనంతట తానే వదిలే గోధుమను అక్కడి శాస్త్రవేత్తలు తయారు చేశారు. ప్రయోగశాలలో అది పేనుబంకను తరిమింది. కానీ పొలంలో ఆ గోధుమకూ మామూలు గోధుమకూ పేనుబంక విషయంలో తేడా కనిపించలేదని 2015లో వారే నిజాయితీగా ప్రచురించారు. పేనుబంక పురుగు దాడి జరిగిన క్షణంలో మాత్రమే ఆ రసాయనాన్ని వదులుతుంది. గోధుమ మాత్రం పగలూ రాత్రీ ఎడతెగకుండా వదిలింది. అణువు సరైనదే అయినా సమయం తప్పడం ఈ వైఫల్యానికి కారణమై ఉండవచ్చని ఆ శాస్త్రవేత్తలే భావించారు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో "ఫెరోమోన్ పెర్ఫ్యూమ్" పేరుతో ఖరీదైన సీసాలు అమ్ముతున్నారు. మనుషుల్లో కూడా ఇలాంటి రసాయనాలు పనిచేస్తాయా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: మనిషిలో ఫెరోమోన్ అని శాస్త్రీయంగా నిర్ధారణ అయిన పదార్థం ఇప్పటివరకు ఒక్కటి కూడా లేదు. క్షీరదాల్లో అసలే లేవని కాదు. మగ పంది లాలాజలంలోని ఆండ్రోస్టెనోన్ వాసనకు ఎదకు వచ్చిన ఆడ పంది కదలకుండా నిలబడుతుంది. పందుల పెంపకందారులు ఆ పదార్థాన్ని స్ప్రేగా వాడతారు. ఆడ ఆసియా ఏనుగు ఎదకు వచ్చే ముందు మూత్రంలో ఒక ఎసిటేట్ పదార్థాన్ని విడుదల చేస్తుంది. మగ ఏనుగు తొండం చివరతో దాన్ని అద్దుకుని నోటి పైకప్పులోని ప్రత్యేక అవయవానికి చేర్చి పరీక్షిస్తుంది. అదే అణువు వందకు పైగా రెక్కల పురుగు జాతుల ఫెరోమోన్లలో భాగమని 1996లో తేలింది. పురుగు వదిలే పరిమాణం ఏనుగు పసిగట్టలేనంత తక్కువ. ఏనుగు మూత్రంలో పురుగుకు కావలసిన మిగతా పదార్థాలు, సరైన పాళ్లు ఉండవు. అందువల్ల ఒకదాని పిలుపు మరొకదానికి చేరదు.

మీరు చూసిన సీసాల్లో కొన్నిటిలో పందికి సంబంధించిన ఆ ఆండ్రోస్టెనోన్ లేదా దాని దగ్గరి బంధువులే ఉంటాయి. మనుషుల్లో కొందరికి ఆ వాసన అసలు తెలియదు, కొందరికి చెమట కంపులా, మూత్రపు కంపులా అనిపిస్తుంది. దాని మీద డబ్బు ఖర్చు చేయవద్దని మా సలహా.